బొగ్గుపులుసులో ఉప్పెవరేసినారు?

మా సంద్రానికి గవర్నమెంటోళ్లు మూతెట్టబోయిన సంగతి సెప్తాను, రాయమ్మా. నాను నెమ్మదిగా సెప్తాను, నువ్వూ నెమ్మదిగానే రాయి. వల తొందరగా లాగితే సేపా రాదు, వలా మిగల్దు.

మాది గవ్వలపేట. ఎదర సంద్రం, ఎనకాల జీడితోటలు, దచ్చినం పక్కకి తిరిగితే కంపెనీ గొట్టం. తాటిసెట్టు మీద తాటిసెట్టు నిలబెట్టినంత ఎత్తు. పగలనక రేత్రనక పొగ కక్కుతానే ఉంటాది. ఆడోళ్లు తెల్లసీర ఆరేస్తే బూడిదసీర మడతెట్టుకోవాల. అది ఏ కంపెనీయో నన్నడక్కు. పేరు బోర్డు మీదే ఉన్నాది గానీ పొగలో కనపడ్దు.

యేసవిలో సేపలు గుడ్లెట్టే కాలం, యేట బందు. ఆ యేడు బందు అయిపోవొచ్చింది. ఊరంతా వలలు బాగుసేసుకుని కూకున్నారు. మా పోలారావు, అదే నా రెండో కొడుకు, కొత్త నావ సేయించినాడు. కర్ర నావ. పసుపు రాసి, బొట్లెట్టి, ఇసకలో నిలబెట్టినాడు. అది బాసికం కట్టుకుని పీటల మీద కూకున్న పెళ్లికొడుకు లాగున్నాది. అన్నీ అయినాయి, పెళ్లికూతురే రావాల. కర్ర నావకి ఓ గుణం ఉన్నాది. అది నీలు తాగాల. తాగితే పలకలు ఉబ్బి అతుకులు మూసుకుంటాయి. తాగకపోతే ఎండకి బీటలేసీసి, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

అలాటప్పుడు ఓ పొద్దున్న లేచి సూస్తే ఒడ్డున ఓ బోర్డు పాతున్నాది. ఊరు ఊరంతా మూగింది. పోలారావు కూడబలుక్కుని సదివినాడు.

"సమస్త ప్రజానీకమునకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఎదుటనున్న సముద్రమునందు బొగ్గుపులుసు నిల్వ చేయబడియున్నది. తాకరాదు. కదపరాదు. మూత తీయరాదు. మహాసముద్ర నిక్షేపముల శాఖ."

మా యావిడ కొర్లమ్మ నడుం మీద సెయ్యేసుకున్నాది.

"మల్లీ సదువు."

"బొగ్గుపులుసు నిల్వ సేయబడియున్నది."

"ఓలమ్మ! నాను కాపరానికొచ్చిన కాణ్ణుంచి కవళ్ల పులుసు కాసినాను, నెత్తళ్ల పులుసు కాసినాను, పీతల పులుసు కాసినాను. ఇంట్లో ఏటీ నేకపోతే ఉల్లిపాయల పులుసూ కాసినాను. బొగ్గులతో పులుసు ఏ ఊరోళ్లు కాస్తార్రా? సింతపండు ఎంతేస్తారు?"

సోడాలు కొట్టే సన్నాసి అక్కడే ఉన్నాడు. "అది మనకి కాదప్పా, పట్నంలో పెద్దోళ్లకి. ఆళ్లకి తిన్నదరగదు. బొగ్గు తింటే అరుగుతాదంట" అన్నాడు.

"సరే, మరి మూతేదిరా?"

అందరం సంద్రం కాసి సూసినాం. ఇంత సంద్రానికి మూతంటే ఎంతుండాల! ఎంత సూసినా ఆకాశం తప్ప ఏటీ కనపడనేదు. అదే మూత అయ్యుంటాది అనీసి, తీసీ ఉద్దేశం మాకు నేదని దండం ఎట్టుకున్నాం.

మద్దేనానికి జీపొచ్చింది. అందులోంచి సుదర్శనంగారు అని ఓ దొరగారు దిగినారు. ఆ శాఖకి మా పక్కన ఆయనే పెద్ద. ఆయన ఎనకాల కాగితాల కట్ట పట్టుకుని ఓ గుమస్తా. ఆడి పేరు భద్రం. ఇసకలో కుర్సీ ఏసినాం. దొరగారు కూకుని ఉపన్యాసం మొదలెట్టినారు. మా ఇసక గుల్ల ఇసక. ఆయన ఒక్కో మాటా అంటన్నకొద్దీ కుర్సీ ఒక్కో రవ్వా దిగిపోతన్నాది.

"గవ్వలపేట గ్రామస్థులారా! మానవాళి విడుదల చేయుచున్న పొగలోని బొగ్గుపులుసు వాయువులో రమారమి నాలుగవ వంతును సముద్రము తనలో లయము చేసుకొనుచున్నది. పైనీరు దానిని పీల్చును. చల్లబడిన నీరు బరువెక్కి అడుగునకు దిగును. దానితో బాటు ఆ వాయువు కూడ దిగి, వందల సంవత్సరములు అచ్చటనే భద్రముగా..."

"చిత్తం సార్" అన్నాడు గుమస్తా.

"నిన్ను గాదు. భద్రముగా నుండును."

"అలాగే ఉంటాను సార్."

నాను అడిగినాను. "సంద్రం పొగ మింగుతాదా బాబూ?"

"మింగుటయే గాదు, దాచును. ఇంతటి గిడ్డంగి కట్టుట మానవసాధ్యమా? అది మనకు కట్టకుండగనే లభించినది. కావున శాఖ దీనిని స్వాధీనపరచుకొన్నది."

పోలారావు బోర్డు కాసి సూపించినాడు. "మరి బోర్డు మీద పులుసనే రాసినారు బాబూ?"

దొరగారు భద్రం కాసి సూసినారు.

"వాయువు అను పదమునకు బోర్డులో జాగా చాలలేదు సార్."

"సరిచేయింపుము."

"బోర్డుకు పైనుండి ఆమోదము వచ్చినది సార్. రికార్డులన్నియు బోర్డు ప్రకారమే సరిచేసితిని. ఇప్పుడు ఎచ్చటను వాయువు లేదు."

దొరగారు తలూపినారు. "మంచిది. బోర్డును మార్చుట కన్న వాయువును మార్చుట సులభము" అన్నారు. అప్పటికి ఆయన మోకాళ్లు సెవుల కాడికొచ్చినాయి.

మాకు బాగా తెలియాలనీసి ఓ సోడా తెమ్మన్నారు. సన్నాసి ఎండలో ఇసకలో పరిగెట్టుకుంటా తెచ్చినాడు. "చూడుడు! ఇందు బుడగలుగా నున్నది అదియే. సముద్రమన్న ఒక పెద్ద గోలీసోడా!" అంటా ఆయనే గోలీని బొటనేలితో నొక్కినారు. కుయ్ మన్నాది. బుస్సుమని లేచింది. దొరగారి మొకం, సొక్కా, కాగితాలు, భద్రం, అంతా సోడా.

"మొత్తం పులుసు మొకానే పడిపోనాది, పాపం!" అన్నాది కొర్లమ్మ.

దొరగారు తుడుసుకోనేదు. సోడా కారతా అలాగే కూకుండిపోనారు. ఆయన మొకంలో ఓ యెలుగొచ్చింది. అలాంటి యెలుగు ఆపీసరు మొకంలో కనపడితే ఊరొదిలి పారిపోవాల. మాకప్పటికి తెల్దు.

"కదిపినచో పొంగును! భద్రం, వ్రాయుము. సముద్రమును ఎవరును, ఎట్టి పరిస్థితులలోనూ కదపరాదు. స్నానము నిషేధము. ఈత నిషేధము. వల నిషేధము. నావ నిషేధము. తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు."

అందరి సూపులూ పోలారావు నావ మీద పడినాయి.

"యేట బందు వొచ్చే సోమారంతో అయిపోతాది కదా బాబూ?" అన్నాడు పోలారావు.

"ఇది వేట నిషేధము గాదు. కదుపుట నిషేధము. కదపకుండ వెళ్లగలిగినచో వెళ్లుడు. శాఖకు అభ్యంతరము లేదు."

"కొత్త నావ బాబూ. నీలు తగలకపోతే బీటలేస్తాది."

"నావకు నీరు గదా కావలసినది? బిందెతో పోయుము."

సన్నాసి కాళీ సోడాకాయ పట్టుకుని గొట్టం కాసి సూపించినాడు. "దొరగారూ, నాకు తెలవక అడుగుతాను. ఆ గొట్టం ఆపితే ఈ గొడవే ఉండదు కదా?"

"గొట్టము మా పరిధిలోనిది గాదు. అది ఉత్పత్తి. మాది నిల్వ. ఉత్పత్తి ఆగినచో నిల్వ ఏమి కావలెను? శాఖ ఏమి కావలెను? నేనేమి కావలెను?"

నలుగురం పట్టి ఆయన్ని కుర్సీతో సహా ఇసకలోంచి పైకి లాగినాం.

ఆ మర్నాటి నుంచీ మా కోడలు గవరమ్మ బిందెలు మొయ్యడం మొదలెట్టింది. పోలారావు పెళ్లామే. సంద్రం నీలు ముట్టుకోకూడదు కాబట్టి నూతి నీలు. పొద్దున్నా సాయంత్రం నావ మీద పోసీది. నావకి నీలోసి, "తాగు తల్లీ, తాగు" అనీది. పోస్తన్న ఎంటనే ఎండ తాగీసీది. పోలారావు దాని పలకల మీద సెయ్యేసి రాస్తా కూకునీవోడు. ఎక్కడో సన్నగా టిక్కుమనీది. ఆడి మొకం సూడలేకపోయీవోళ్లం.

దొరగారు ఒడ్డున టెంటేసుకున్నారు. మొదటి పొద్దునే బయటికొచ్చి సంద్రం కాసి సూసి కోప్పడినారు.

"ఇవి ఏమిటి?"

"అలలు బాబూ" అన్నాను.

"ఎవరి అనుమతితో?"

"ఎవుళనీ అడిగినట్టు నేదు బాబూ."

"ఇంతమంది చూచుచుండగా కదుపుచున్నవే!"

ఆ పూటే అలల నిరోధక సిబ్బంది అని ఓ కొత్త దళం ఏసినారు. అందులోకి నన్నూ తీసుకున్నారు. మెడలో ఈల, సేతిలో ఎర్రగుడ్డ. నా బతుకులో నాను సేసిన గవర్నమెంటు ఉజ్జోగం అదొక్కటే, రాసుకో. అల రాగానే ఈల ఊది, గుడ్డ సూపించి, "ఆగు!" అనాల. నాను ఊదినాను. అల వొచ్చింది, నా కాళ్ల కాడ ఆగింది, ఎనక్కెల్లిపోనాది.

భద్రం ఆనందంగా రాసుకున్నాడు. "హెచ్చరిక అందిన పిమ్మట వెనుకకు మరలినది."

రెండో అలకీ అంతే, మూడో అలకీ అంతే. ఈల ఊదితే ఎనక్కెల్లని అల ఒక్కటీ నేదు. ఇంత బాగా మాట ఇనేవోళ్లని తను సర్వీసులో సూడనేదని దొరగారు మెచ్చుకున్నారు. పై ఆపీసుకి రాసినారు. పై ఆపీసోళ్లు మిగిలిన ఊళ్లక్కూడా ఈలలు పంపినారు.

అంతట్లో సన్నాసి నోరు ఊరుకోక ఓ మాటన్నాడు. "బాబూ, సోడా కదపకపోయినా ఎండలో ఎడితే పేలతాది. సల్లగా ఉంటేనే గేసు నిలబడతాది."

నాను ఆడి కాలు తొక్కినాను గానీ ఆలీసమైపోనాది. దొరగారు సూర్యుడి కాసి సూసినారు. సూర్యుడు సంద్రం మీద హాయిగా కాస్తన్నాడు.

"భద్రం! పందిరి!"

పట్నం నుంచి పెళ్లిపందిళ్లేసీ వోడొచ్చినాడు. లారీల నిండా యెదుర్లు, అంచులకి కుచ్చులున్న గుడ్డలు, 'శుభస్వాగతం' అని బంగారం రంగు అచ్చరాలు. సంద్రం ఎనక్కెల్లినప్పుడు యెదుర్లు పాతినారు. గుడ్డ కట్టినారు. లోపలికెల్లి సూస్తే సంద్రానికి పెళ్లవుతన్నట్టే ఉన్నాది. దొరగారు నీడలో నిలబడి "ఆహా" అన్నారు. ఆ "ఆహా" ఇంకా అవ్వనేదు, దచ్చినపు గాలి లేచింది. నాను ఈల ఊదినాను. గాలికి నా ఈల మీద అంత గౌరవం నేదు. పందిరి అలాగే, కుచ్చులతో సహా, 'శుభస్వాగతం' తో సహా, మీదికి లేచి ఉత్తరం కాసి ఎల్లిపోనాది. పక్కూర్లో ఎవులిదో పెళ్లంట. పందిరి సాలక సుట్టాలు ఎండలో మాడతన్నారంట. ఆకాశంలోంచి పందిరి దిగేసరికి పెళ్లికూతురి తండ్రి ఏడ్సి దండం ఎట్టినాడంట.

పందిరోడు కూడా ఏడ్సినాడు. దండం మాత్రం ఎట్టనేదు.

పందిరి పోతే ఐసు. యేట నేదు కాబట్టి ఐసు ఫేట్రీ కాళీగా ఉన్నాది. టాకటర్ల మీద దిమ్మలు తోలించి సంద్రంలో ఏయించినారు. భద్రం పేంటు మడిసి, ఐసు దిమ్మ పక్కనే కాలెట్టి, "చల్లబడినది సార్!" అని కేకేసినాడు. దాంతో సంద్రం సల్లబడినట్టు పై ఆపీసుకి కబురెల్లిపోనాది.

తర్వాత పై ఆపీసు నుంచి ఇంకో కబురు. సంద్రం ఈ వాయువుని మింగుతంటే నీలు రవ్వరవ్వగా పులుపెక్కుతాదంట. పులుపెక్కితే పీతలకీ గవ్వలకీ పెంకు పలసబడిపోతాదంట. అది ఇన్నప్పుడు నాకు నవ్వు రానేదమ్మా. పొగ ఆరుబయట ఉంటే కళ్లు మండుతాయి. సంద్రం మింగితే కడుపు మండదేటి? దానికి నోరు నేదు కాబట్టి సెప్పదు. గానీ దొరగారికి ఇనపడింది పులుపన్న మాటొక్కటే.

"పులుపు అధికమైనచో ఏమి చేయుదురు?" అని అందర్నీ అడిగినారు.

గవరమ్మ బిందెతో ఎల్తా, వంట సంగతి అడుగుతన్నారనుకుని, "బెల్లం ముక్కేస్తాం బాబూ" అనీసి ఎల్లిపోనాది.

మూడోపొద్దు బెల్లం లారీలొచ్చినాయి. దిమ్మలకి దిమ్మలు నీట్లోకి దొర్లించినారు. ఆ వారం మా ఒడ్డున అలల కంటే సీమలెక్కువ. ఆటికీ ఈల ఊదమన్నారు.

ఇవన్నీ నవ్వుకుంటా ఓర్సుకున్నాం. ఓర్సుకోలేంది తర్వాత వొచ్చింది. ఓ సాయంత్రం దొరగారు మమ్మల్నందర్నీ పిలిసి సెప్పినారు.

"శాఖ లోతుగా యోచించినది. కంటికి కనబడని నాచు బొగ్గుపులుసును తినును. చిన్న చేప నాచును తినును. పెద్ద చేప చిన్న చేపను తినును. పెద్ద చేప విసర్జించినది అడుగునకు దిగి నిల్వయగును. చేప రేయింబవళ్లు చేయుచున్నది మా శాఖ పనియే. కావున నేటి నుండి చేప మా శాఖలో ఉద్యోగి."

"ఏటీ?" అన్నాం అందరం.

"ఉద్యోగిని పట్టుట నేరము. ఉద్యోగిని పులుసు పెట్టుట మహానేరము. మీ ఇండ్లలోని ఎండుచేపలు విధి నిర్వహణలో మరణించినవి. వానిని సగౌరవముగా సముద్రమునకు అప్పగింపవలెను."

అప్పగించినాం. ఏటి సేస్తాం? డప్పులు కొట్టుకుంటా, ఎండు నెత్తళ్లు, ఎండు సావిళ్లు గంపల్లో ఎట్టుకుని ఒడ్డుకి ఎల్లినాం. భద్రం రెండు నిమిషాలు మవునం అన్నాడు. కాకులు అంతసేపు ఆగనేదు.

ఇంటికొచ్చినాక పోలారావు నావ కాడే కూలబడిపోనాడు. బీట ఒకటి ఏలు పట్టేటంత అయిపోనాది. "అయ్యా, ఇంకో వారం ఇలాగే ఉంటే దీన్ని కొట్టి కట్టెలకి ఏసీడవే" అన్నాడు. బీట పూడ్సడానికి నా కాడ ఏటీ నేదు. మెళ్లో ఈల మాత్రం ఉన్నాది.

కొర్లమ్మ నా సేయి పట్టి లోపలికి లాక్కెల్లింది. "ఏవయ్యా, తిండి నేకుండా ఏడిస్తే నావకి నీలొస్తాయా? కూకో" అన్నాది. అటకమీంచి ఓ మూట దింపింది. ఎండు సావిళ్లు! అప్పగించకుండా దాసేసినాది.

"ఓసే! అది మహానేరమే!"

"నేరం తర్వాత సూద్దాం, ముందు ఆకలి సూడు."

కట్టెపొయ్యి ఎలిగిస్తే పొగ కనపడతాదని బొగ్గుల కుంపటి ఎట్టింది. మట్టి దాకలో సింతపండు పులుసు పోసి, సావిళ్లేసి మరగబెట్టింది. పొగ దాసింది గానీ వాసన దాయలేకపోనాది. ఆ వాసన వీధంతా నడిసెల్లి, టెంటులో దొరగార్ని సెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పాపం ఆయన వొచ్చిన కాణ్ణుంచి తింటన్నది అటుకులు.

ఆయన గుమ్మంలోకి వొచ్చేసరికి లోపల కొర్లమ్మ కోడల్ని కేకలేస్తంది.

"గరిటెట్టకే! సితికిపోద్ది! అంచులు పట్టుకుని దాక తిప్పాల. కదపకుండా ఒగ్గేసినావంటే పైది పైనే ఉండిపోద్ది, కిందకి దిగదు. అడుగంటీసి పాడైపోద్ది!"

"ఏమమ్మా," అన్నారు దొరగారు గుమ్మంలోంచి, "అది ఏమిటి?"

గవరమ్మ గరిటె ఎనకాల దాసుకున్నాది. కొర్లమ్మ దాక కాసి సూసింది. కింద కుంపట్లో బొగ్గులు కాసి సూసింది.

"బొగ్గుపులుసు బాబూ" అన్నాది.

"ఏమీ!"

"మీ బోర్డు మీద రాసినదే బాబూ. సంద్రం మొత్తం మా ఇంట్లో పట్టదు కదా, నమూనాకి ఓ దాకెడు సేసినాను."

దొరగారు సెప్పులిప్పి లోపలికొచ్చి కూకున్నారు. గవరమ్మ కంచంలో అన్నం ఎట్టి పులుసేసింది. ఆయన ముద్ద నోట్లో ఎట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. తెరవనేదు.

"ఈ నమూనాలో ముక్కలవలె నున్నవి..."

"అడుగున నిల్వయినవి బాబూ."

"ఇంకొంచెము నిల్వ వడ్డింపుము." రెండో వాయి తిన్నాక కళ్లు తెరిసినారు. "అమ్మా, ఇందాక నీవు కదపవలెనంటివి. మా శాఖ కదపరాదనుచున్నది."

కొర్లమ్మకి వంట సంగతి వొస్తే దొరా గిరా అక్కర్లేదు. "కదపకపోతే ఎలా బాబూ? పులుపంతా పైనే తేలుతాది. పైన ఇంక పట్టదు. కిందికి దిగితేనే పైన ఇంకాస్త పడతాది."

"పైన ఇంక పట్టదు!" ఆయన ముద్ద కంచంలో పడిపోనాది. "క్రిందికి దిగితేనే పైన ఇంకొంత పట్టును! భద్రం!"

"చిత్తం సార్" అన్నాడు భద్రం. ఆడూ ఎప్పుడో వొచ్చి, వీధరుగు మీద ఆకేయించుకుని తింటన్నాడు.

ఆయన అడుగుతన్నది సంద్రం గురించి, ఈవిడ సెప్తన్నది దాక గురించి. ఎలా కుదిరిందో గానీ కుదిరింది.

"గరిటె వాడరాదు, అంచులు పట్టి త్రిప్పవలెను, అంతియే గదా? మరి సముద్రమును అంచులు పట్టి త్రిప్పువారెవరు?"

పోలారావు గుమ్మంలోనే నిలబడున్నాడు. "నావలున్నాయి బాబూ. ఈ అంచు నుంచి ఎల్లడం, తిరిగి ఈ అంచుకి రావడం. తిప్పడం అంటే అదే కదా!"

"మరి త్రిప్పుచుండగా ఉద్యోగులెవరైన వలలో పడినచో?"

కొర్లమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటెడు ఏసింది. దొరగారు ముక్క కాసి సూసినారు. సానాసేపు సూసినారు.

"స్వచ్ఛందముగా వలలోనికి వచ్చిన చేపలు పదవీ విరమణ చేసినట్లు భావించవచ్చును" అన్నారు.

ఒక్క మెలికెట్టినారు. పెద్ద మార్పు కాబట్టి ప్రధాన సంచాలకులవారు సొయంగా వొచ్చి, సూసి, సరేనంటేనే నావలు దిగాల. కాదంటే మల్లీ తదుపరి ఉత్తర్వుల దాకా ఇసకలోనే. పోలారావు ఆ మాట ఇని బయటికెల్లి, బీటల్లో గుడ్డపీలికలు కుక్కుతా కూకున్నాడు.

పెద్దదొర వొచ్చే పొద్దు నావలన్నీ వరసగా ఎట్టినాం. సివర్న మా పోలారావుది. గవరమ్మ దాని మీద ఆకరి బిందె పోసింది. కొబ్బరికాయ సేతిలో పట్టుకుని నిలబడింది.

ప్రధాన సంచాలకులవారంటే మనిషి బలేగా ఉన్నారు. అంతకు ముందు వారమే ఏదో భోజన వసతుల శాఖ నుంచి బదిలీ అయ్యొచ్చినారంట. కొత్త శాఖ సంగతి దారిలో కార్లో రికార్డు సదివి తెలుసుకున్నారంట. రికార్డులో ఎక్కడా వాయువు నేదు. భద్రం సరిసేసీసినాడు కదా.

కారు దిగి, సంద్రం కాసి ఓ సూపు సూసి, "పరిమాణము సంతృప్తికరముగా నున్నది. రుచి?" అన్నారు.

పెద్దదొర జేబులోంచి మెరిసే ఎండిగరిటె తీసినారు. పాత శాఖలో అలవాటంట. నీట్లోకి వంగి, గరిటెడు తీసుకుని, నోట్లో పోసుకున్నారు.

ఆ మొకం నాను సచ్చేదాకా మర్సిపోను.

"థూ! ఉప్పు! ఉత్త ఉప్పు! ఇంత పులుసును ఉప్పు కషాయము చేసినదెవరు?"

"మా శాఖ బెల్లము మాత్రమే వేసినది సార్" అన్నారు సుదర్శనంగారు.

"ఐసు కూడా వేసితిమి సార్. ఉప్పు వేసినట్లు రికార్డులో లేదు" అన్నాడు భద్రం.

సన్నాసి సేతులు జోడించినాడు. "నాను అడిగితేనే ఉప్పేస్తాను బాబూ. ఉత్తసోడాయే కొడతాను."

పెద్దదొర నా కాసి తిరిగినారు. "ఓయీ ముసలివాడా! ఇది ఎప్పటి నుండి ఇట్లున్నది?"

"నాను పుట్టినప్పటికే ఉప్పగున్నాది బాబూ. మా తాతా అదే సెప్పీవోడు."

"అనగా గత అధికారుల హయాము! నేననుకొంటిని! విచారణ! తక్షణమే విచారణ సంఘము! ఉప్పు వేసినవాడు దొరకువరకు శాఖలో మరియొక పని జరుగరాదు!"

మరియొక పని జరుగరాదు. ఆ మాట ఇని పోలారావు నావ మీదున్న సెయ్యి తీసీసినాడు. గవరమ్మ సేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోనాది.

పెద్దదొర ఉప్పు గొంతుకడ్డం పడి దగ్గుతన్నారు. దగ్గుతానే సంద్రం కాసి సెయ్యి ఊపి అరిసినారు. "ఏమి గ్రుడ్లప్పగించి చూచెదరు? వెళ్లుడు! వెదకుడు! ఉప్పు ఇందులోనే ఎక్కడనో వేసి యుండును!"

మా ఊరోళ్లకి సదువు తక్కువే గానీ "ఎల్లు" అన్న మాట ఏ బాషలో సెప్పినా తెలుస్తాది.

"హైలెస్సా!" అన్నాను. నా మెళ్లో ఈల తీసి గట్టిగా ఊదినాను. ఈసారి అలలకి కాదు. గవరమ్మ కొబ్బరికాయ కొట్టేసింది. ఊరంతా భుజాలేసి తోసినాం. ఆడోళ్లు తోసినారు, సన్నాసి తోసినాడు, ఎందుకు తోస్తన్నాడో తెలవకుండా భద్రం కూడా తోసినాడు. అలల్లోకి ఒక్కో నావా దిగిపోనాది. సివర్న పోలారావుది. మొదటి అల దాని మొకాన కొట్టింది. బీటల్లోంచి నీలు సొరబడినాయి. ఆడు నవ్వుతా ఏడుస్తా డబ్బాతో తోడిపోస్తన్నాడు. నావ తాగతన్నాది. ఎన్నాళ్ల దాహమో, గుక్కలు గుక్కలుగా తాగతన్నాది. తాగతా తాగతా పలకలు ఉబ్బినాయి, అతుకులు మూసుకున్నాయి. రెండో అల మీదకెక్కేసరికి అది నావ అయిపోనాది.

గవరమ్మ కాళీ బిందె బోర్లించి దాని మీద కూకున్నాది. అదే మొదలు ఆ పిల్ల కూకోవడం నాను సూడ్డం.

అప్పట్నుంచీ రోజూ ఉప్పు యెతకడానికి ఎల్తన్నాం. సాయంత్రం ఒడ్డుకొస్తే భద్రం కాగితం పట్టుకుని నిలబడతాడు. "దొరికెనా?" అంటాడు. "నేదు బాబూ, రేపు ఇంకాస్త లోపలికెల్లి సూస్తాం" అంటాం. రాసుకుంటాడు. పదవీ విరమణ సేసినోళ్లని గంపల్లోకి దింపుతాం. ఆడి వాటా సంచీలో ఏస్తాం. సుదర్శనంగారు ఆదివారం ఆదివారం మా ఇంటికి నమూనా పరిశీలనకొస్తారు. నిన్న కాసింది మర్నాటికే బాగుంటాదని కొర్లమ్మ సెప్పింది కాబట్టి సోమారం కూడా ఉంటారు.

విచారణ సంఘమోళ్లు మాత్రం వొదల్నేదు. నూతులు సూసినారు, ఉప్పుమడులు సూసినారు, మా వంటిళ్లలో ఉప్పుజాడీలు కూడా మూతలు తీసి సూసినారు. ఉత్తరం, తూరుపు, పడమర, అన్ని పక్కలా యెతికినారు. దచ్చినం పక్కకి మాత్రం ఇంతవరకూ ఎవ్వుళూ ఎల్లనేదు.

అటు గొట్టం ఉన్నాది కదా. అక్కడ ఉప్పుండదు.